మోకాలి వెనక గడ్డ

రాయచోటి
8 జులై 1990

ప్రియమైన సమీరా నాన్నకు, మెహతాబ్ సలాములు.

మా అమ్మకు నయమయింది. నెలలో కువైట్ తిరిగొస్తా. కానీ పాప రాసిన ఉత్తరం చదివినప్పట్నుంచి నాకు ఒళ్లు మండుతోంది. ఏడాదిగా ఉన్న మోకాలి వెనక గడ్డ నిమ్మకాయంత అయిందంట. మెట్లెక్కితే నొప్పంట. ఆ డాక్టరు వేలితో నొక్కి, "నీటిగడ్డ, పదిహేడేళ్ల పిల్లకు ఇంకేముంటుంది" అంటే మీరు తలూపి వచ్చేసినారా? ఒక్క పరీక్ష లేదు. కన్నతండ్రికి నోరు లేదా? పోయి అడగండి.

మీ మెహతాబ్

బ్నీద్ అల్ గార్, కువైట్
29 జులై

ప్రియమైన మెహతాబ్‌కు,

పోయి అడిగినా. "డాక్టరు నువ్వా, నేనా? ఖలాస్, పో" అన్నాడు. నేను కదల్లేదు. చివరికి స్కానింగ్ తీస్తే లోపల నీళ్లు లేవు, కండ ఉండాది. ముక్క తీసి ల్యాబుకు పంపినారు. అక్కడ పనిచేసే సోమేశ్వరరావు మన కడపాయన. "అన్నా, మెల్లగా పెరిగింది కదా అని మంచి గడ్డ అనుకోకూడదు. వయసు పిల్లలకే ఎక్కువగా వచ్చే చెడ్డ రకం ఒకటుంది. శనివారం తేలుతుంది" అన్నాడు. ఆ డాక్టరు మీద, ఆ రోజు తలూపిన నా మీద, కోపంతో అన్నం దిగడం లేదు.

నీ దావూద్

కువైట్
14 సెప్టెంబరు

ప్రియమైన మెహతాబ్‌కు, పాప చేతికిచ్చి పంపుతున్నా.

ఆ శనివారం రానే లేదు. గురువారమే వీధుల్లోకి ఇరాకు ట్యాంకులొచ్చినాయి. ల్యాబు మూసినారు. నెల పైన దాని చుట్టూ తిరిగినా. ఒక సైనికుడు తుపాకి మడమతో భుజం మీద కొట్టినాడు. నా బిడ్డ కాలుతో వీళ్లకేం పగ? చివరకు సోమేశ్వరరావే ఎట్లో లోపలికి పోయి, ముక్క అతికించిన గాజు పలకలు తెచ్చినాడు. వాటిని చూసి చెప్పే డాక్టరు దేశం వదిలిపోయినాడు. ఇండియా విమానం కోసం జోర్డాన్ పోయే బస్సులో మనకు రెండే సీట్లు దొరికినాయి. నా సీటు సోమేశ్వరరావుకు ఇచ్చినా. ఆ పలకల సంగతి డాక్టర్లతో మాట్లాడగలిగేది ఆయనే. అదే బస్సులో వచ్చే పక్కింటి చినబాబు భార్య పాపకు తోడుంటుంది. తండ్రి లేకుండా పంపినానని తిట్టు, పడతా.

నీ దావూద్

మద్రాసు
20 అక్టోబరు

ప్రియమైన మీకు,

కువైట్‌కు టపా లేదు. అమ్మాన్‌లోని మన రాయబార కార్యాలయానికి రాస్తున్నా, మీరు అక్కడికి చేరితే ఇస్తారని.

పాప చేరింది. పలకలు చూసి ఇక్కడి డాక్టరమ్మ పేరు చెప్పింది. సైనోవియల్ సార్కోమా, క్యాన్సరే. పేరు కీళ్లదైనా కీలులోనే పుట్టదంట, ఎక్కువగా పక్కనున్న మెత్తటి కండలో పుడుతుందంట. ఊపిరితిత్తులకు పాకలేదు. కాలు పోకుండా గడ్డ తీసినారు. గాయం మానినాక కరెంటు పెడతారంట, అదే రేడియేషన్.

"ఎప్పుడు మొదలైంది?" అని డాక్టరమ్మ అడిగితే "ఏడాది" అన్నా. పాప నా ముఖం చూడకుండా, "రెండేళ్లు. మొదట అమ్మకే చూపించినా" అనింది.

నిజమే. శనగగింజంత ఉన్నప్పుడు పసుపు పట్టేసి, మగడాక్టరుకు కాలు చూపిస్తావా, నాన్నతో అనొద్దు అని అదిలించింది నేనే. మరిచిపోయినానని అబద్ధమాడను. గుర్తుండి కూడా మిమ్మల్ని తిట్టినా.

ఇప్పుడు ఈ కోపం వేయడానికి నాకు ఇంకో మనిషి లేడు. మీరొచ్చి నన్ను తిట్టండి. ఎంతైనా వింటా. వస్తే చాలు.

సమీరా అమ్మ