కోళ్లకు వచ్చిపోయిన పడిశం

చిరంజీవి వరుణ్‌కు అమ్మ దీవెనలు. ఉస్మాన్‌గంజ్‌లో మేమిద్దరం కులాసా. ఫారంలో నువ్వూ, పూజితా, చంటిదీ, కోళ్లూ కులాసా అని ఈ వేళ ధైర్యంగా రాయగలుగుతున్నాను.

గుడ్ల బండి ఆగయ్య నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. దాణా బస్తా చీటీ వెనకాల రాశావు, కాగితానికి అంత కరువొచ్చిందా నాయనా? మీ బాపు మోకాలు ఎలా ఉందని అడిగావు. నొప్పి ఉంది. అయినా మీ కోళ్ల రక్తపరీక్ష రిపోర్టు సంగతి తెలియగానే గబగబా మెట్లు దిగి గంజ్ అంతా చాటి వచ్చాడు. మన గుడ్ల దుకాణంలో బేరం పడిపోయిందా అన్నావు. హోటలు యూసుఫ్ భాయ్ కొన్నాళ్లు మొహం చాటేసిన మాట నిజమే. నిన్న మళ్లీ వచ్చి, "అమ్మా, లొల్లి ఖతమైందంట గదా, ఎప్పటి లెక్కనే పంపుండ్రి" అన్నాడు.

నీకు రిపోర్టు చెప్పాక పశువైద్య శాఖ డాక్టరు అనూహ్య మీ బాపుకు కూడా ఫోన్ చేసింది. "ఫికర్ చేయకుండ్రి అంకుల్. మీ కోళ్లకు ఎప్పుడో పడిశం లెక్క తేలిక రకం ఫ్లూ వచ్చి పోయింది. దాంతోటి కొట్లాడిన యాంటీబాడీలు రక్తంల మిగిలినయి, గంతే. గొంతుల తీసిన నమూనాల్ల వైరస్ ఏం లేదు. ఒక్క కోడిని గూడ చంపే పని లేదు" అంది.

"ఒక్కటి గూడనా బిడ్డా?" అని మీ బాపు మళ్లీ మళ్లీ అడిగాడు. ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకున్నాడు. నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను కాబట్టి నాకు సాకు దొరికింది.

ఒక్క కోడీ తుమ్మకపోతే రక్తం తీయడమెందుకని కోప్పడ్డావు. తుమ్మని కోళ్లకే చూడాలట. తేలిక రకం కంటికి కనిపించకుండా తిరుగుతుందట, కొన్ని రకాలు అలా తిరిగి తిరిగి ముదురుతాయట.

ఇక నువ్వు చివర్లో అడిగిన మాట. మన ఫారం పేరు ఆఫీసుకు ఎవరు చెప్పారని. పక్క ఫారం పురుషోత్తమేనని నమ్మి అతనితో మాటలు మానేశావు. చెప్పినవాళ్ల గడప తొక్కనని ఒట్టు కూడా పెట్టుకున్నావు.

ఆ గడప మనదే, వరుణ్. చెప్పింది నేను.

రక్తం తీయడానికి ముందు వారం నీ ఫారం నుంచి వచ్చిన గుడ్లు పట్టుకుంటే చాలు, చేతిలోనే పగిలాయి. టీవీలో చూస్తే ఎక్కడో కోళ్లను గోతుల్లో పూడుస్తున్నారు. పూజిత చంటిదాన్ని చంకనేసుకుని షెడ్డులోనే తిరుగుతుంది కదా, నాకు అన్నం సహించలేదు. నీకే చెబుదామంటే నీ సంగతి నాకు తెలియదా? అనుమానం వస్తే ఫారాలవాళ్లు చేసే పనే నువ్వూ చేస్తావు. వచ్చిన ధరకు కోళ్లన్నిటినీ లారీ ఎక్కిస్తావు. నిజంగా పెద్ద జబ్బే అయితే అది ఎన్ని ఇళ్లకు పోయేదో! అందుకే ఆ డాక్టరమ్మకు ఫోన్ చేసి, "మావోని ఫారం గూడ జర జూడు బిడ్డా" అన్నాను.

తీరా చూస్తే పెంకులు పలచబడింది ఎండకట! నేను భయపడ్డది ఒకటి, రక్తంలో తేలింది ఇంకొకటి. రిపోర్టు వచ్చేదాకా మాత్రం, కన్నకొడుకు ఫారంలో గోతులు నేనే తవ్వించానా అని వణికిపోయాను. మీ బాపుకూ చెప్పలేదు. ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలో పెట్టేస్తావని ఇలా రాస్తున్నాను.

పాపం పురుషోత్తం ఏ పాపమూ ఎరగడు. ముందు వెళ్లి అతనింట్లో చాయ్ తాగు, రెండు మాటలంటే పడు. తర్వాత ఒట్టు తీసి గట్టున పెట్టి, పూజితనూ చంటిదాన్నీ తీసుకుని రా. బగారన్నం చేస్తాను. తిట్టాలనుంటే తిన్నాక తిట్టు.

రానంటావా, ఆ గడప దాటి నేనే వస్తాను. జబ్బులు లోపలికి రాకుండా మీ గేటు దగ్గర పెట్టిన మందునీళ్లలో కాళ్లు ముంచి రమ్మంటే, ముంచే వస్తాను.

ఇట్లు,
తిట్లకు సిద్ధంగా ఉన్న నీ అమ్మ
విమలాదేవి