పాటల పుస్తకంలో పద్దెనిమిది సైజు

జూన్ 3, మంగళవారం

పదకొండేళ్లయింది. మందిరానికి పాటల పుస్తకం చీమకాళ్లంత అక్షరాలతో అచ్చేయించింది మా చెల్లెలి భర్తే — ప్రకాశం మాస్టారు. ఆ ఏడు కొత్త పాట నేనే ఎత్తుకున్నాను. రెండో చరణంలో ఆగిపోయాను. నవ్వారు. బావ నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, "పోనియ్యండి బావగారూ, మీకు చదువు తక్కువ కదా" అన్నాడు. అందరి ముందూ. తక్కువే. ముప్ఫై ఏళ్లు దాటాక రాత్రిబడిలో నేర్చుకున్నవాణ్ని. కానీ ఆ రోజు తప్పు నాది కాదు, అక్షరానిది.

ఇప్పుడు మళ్లీ పుస్తకం వేయిస్తున్నాం. ఈసారి వదలను.

జూన్ 5

బావతో కలిసి అమలాపురం వెళ్లాను. ప్రెస్సులో కంప్యూటర్ దగ్గరమ్మాయి ఒకే పాటని మూడు రకాలుగా తీసి ఇచ్చింది. ఒకటి శుభలేఖ అక్షరం, అన్నీ మెలికలే — బావకి నచ్చింది! రెండోది సన్నం, పన్నెండు సైజు. మూడోది బొద్దుగా, పద్దెనిమిది.

"వరసల మధ్య చోటు కూడా పెంచేనండి తాతగారూ. లేపోతే పై ఒత్తులొచ్చి కింద తలకట్లకి తగుల్తాయండి."

ఈ పిల్లకి తెలిసింది మాస్టారికి తెలీదు.

బావ అంటాడు — "పద్దెనిమిదైతే ఇటికంత అయిపోద్దండి. ముసలాళ్లు మొయ్యలేరు."

చెట్లెక్కి కొబ్బరి దింపు తీసిన చేతులివి. పుస్తకం మొయ్యలేవట.

జూన్ 8, ఆదివారం

పెద్దవాళ్ల చేత చదివించి తేల్చమన్నాను. ఆరాధన అయ్యాక పన్నెండు సైజు కాగితం ఇచ్చారు. మరియమ్మ గడగడా చదివేసింది. తర్వాత నలుగురూ అంతే. నా వంతు రాకముందే బావ లేచాడు.

"ఆయ్, ఇంకేంటండి బావగారూ? పన్నెండు సరిపోయింది కదండీ."

తల కొట్టేసినట్టయింది.

జూన్ 9

మరియమ్మనే వెళ్లి అడిగాను. నవ్వు ఆపుకోలేకపోయింది.

"కాగితం తలకిందులుగా పట్టుకున్నానండి అన్నయ్యగారూ! మీరూ చూళ్లేదా? ఆ పాట నా పెళ్లికి ముందే వచ్చు."

అందరికీ నోటికొచ్చిన పాట. దాన్ని ఎంచింది ఎవరు? నేనే. నా వంతు వస్తే ఆగిపోకూడదని...

జూన్ 10

ఎవరికీ రాని పాటతో మళ్లీ పెట్టమన్నాను. బావ ఒప్పుకున్నాడు. "అయితే ముందు మీరే చదవాలండి. పన్నెండులోనే."

జూన్ 11

కళ్లజోడు తుడిచాను. మళ్లీ తుడిచాను. లాభం లేదు.

జూన్ 12

అరుగు మీద, వెలుగులో కూర్చున్నాను. ప్రెస్సమ్మాయి ఇచ్చిన కొత్త పాట. పన్నెండులో రెండు వరసలు — అంతే, పురుగులు పాకినట్టు. పద్దెనిమిదిలో మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా. రెండుసార్లు.

పదకొండేళ్లుగా మందిరంలో పుస్తకం తెరిచి పట్టుకుని, చూడకుండా పాడుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

జూన్ 13, శుక్రవారం

బావకి కబురంపాను. చదువుతాను. పన్నెండులో ఆగిపోతాను — నవ్వుకోనీ. ఆగిన చోటు నుంచే పద్దెనిమిది తీసి పాట పూర్తి చేస్తాను. అప్పుడు నువ్వే చెప్పాలి, బావా: ఆ రోజు తక్కువైంది నా చదువా, నువ్వు వేయించిన అక్షరమా?

సోమవారం పుస్తకం ప్రెస్సుకి వెళ్లిపోతుంది. పదిహేనో తారీఖు ఆదివారం, ఆఖరి ప్రార్థన ముగిసేలోగా జవాబు కావాలి. కాగితం మీద కాదు. లేచి నిలబడి, నోటితో.