పార్పాయిస్‌ల పుస్తకం

అమ్మా, దస్తూరి బాగుండదు, తప్పులుంటాయి, మన్నించాలి. నా చదువు ఊరి బడిలో ఐదు దాకానే. సముద్రజీవుల లెక్క కోసం మా ఊరొచ్చి, డాల్ఫిన్‌ల చుట్టాలైన ఈ పార్పాయిస్‌లను చూసి రాయమని మీరిచ్చిన పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టు పంపుతున్నాను.

జూన్ 1. ఉదయం 6.00
రేవు చివర బల్ల మీద కూర్చున్నాను. నెలంతా రోజూ ఆరు నుంచి ఏడు దాకా చూస్తాను. ఒక్కరోజూ మానను! మీ నియమాలు:
పది నిమిషాలకొకసారి రాయాలి.
కనపడకపోతే సున్నా వేయాలి.
మాట్లాడకూడదు. (నాకు తేలికే.)
తల్లీపిల్లా ఈ నెలలో కనపడినట్టు రాసి ఉంటేనే జులైలో ఇక్కడ వలలు ఆపిస్తామన్నారు. నలభై ఏళ్లు వలలు అల్లాను. నేనల్లిన వలలో ఒక పార్పాయిస్ పిల్ల చిక్కుకుని, పైకి రాలేక, ఊపిరాడక పోయింది. ఎవరికీ చెప్పలేదు.

6.40
ఒకటి! మొండి మూతి, నల్లటి వీపు. డాల్ఫిన్‌లా గెంతలేదు. వీపు చూపించి తప్పుకుంది. బిడియస్థురాలు.

జూన్ 4
ఆరు సున్నాలు.

జూన్ 5
ఆరు సున్నాలు. మీకు వట్టి చేతులు చూపిస్తున్నట్టుంది.

జూన్ 8
పొగమంచు. 6.30కి ఏదో కదిలినట్టయింది. 'ఒకటి' వేశాను.

జూన్ 9
మా ఇంటావిడ పుస్తకం చూసింది.
"నిన్న నీ కాళ్లే నీకు కనపడలేదు. ఇదెక్కడిది?"
"పాపం, ఆ అమ్మాయి అంత దూరం నుంచి వచ్చి ఇచ్చింది కదా..."
"అందుకని లేని చేపని పెడతావా? మర్యాదలు చేయడానికి ఆమె ఏమైనా వియ్యపురాలా?"
"చేప కాదు. పాలిస్తుంది."
"మాట మార్చకు."
ఆ 'ఒకటి' కొట్టేశాను.

జూన్ 13
వాన. అవీ బయటికి రావనుకున్నాను. నీళ్లలో ఉండేవాటికి వానేమిటని ఆవిడ అడిగింది.

జూన్ 14
మోకాలు.

జూన్ 15
రెండో మోకాలు.

జూన్ 17
బావమరిది పడవ కట్టేసి బల్ల దగ్గరికి వచ్చాడు.
"ఏం బావా, పురుడు పోయడానికి కూర్చున్నావా?"
నియమం ప్రకారం పలకలేదు. ఇంకా నవ్వాడు. రేపటి నుంచి మా కిటికీలోంచే చూస్తాను. సముద్రం జానెడు కనపడుతుంది.

జూన్ 18 నుంచి 25
కిటికీ. కళ్లద్దాలు తుడవాలి.

జూన్ 26. ఉదయం 6.30
మంచం మీదున్నాను. రొట్టె కొనడానికి రేవు మీదుగా వెళ్లిన ఆవిడ పరుగున వచ్చింది.
"లేవయ్యా! తల్లీ, దాని పక్కన మూరన్నర పిల్ల! తల్లి మునిగితే అదీ మునుగుతోంది!"
"టైమెంత? ఎన్నిసార్లు లేచాయి?"
"నోరు తెరుచుకుని చూస్తున్నదాన్ని, లెక్కేం పెడతాను? అక్కడుండాల్సింది నువ్వు!"
చెప్పుల్లేకుండా పరిగెత్తాను. వట్టి నీళ్లు.
ఇంటికొచ్చి పుస్తకం తెరిచాను. నేనే చూశానని రాస్తే వలలు ఆగుతాయి. చాలాసేపు కలం పట్టుకున్నాను.
రాశాను: 'నేను చూడలేదు. పడుకున్నాను. నా భార్య చూసింది.'

జూన్ 27. ఉదయం 6.00
ఇవాళ్టి నుంచి మళ్లీ మొదలు! బల్ల మీద ఇద్దరం. ఆవిడ చూస్తుంది, నేను రాస్తాను. ఇంకా ఏమీ కనపడలేదు.
ఆవిడ చూసింది లెక్కలోకి వస్తుందా, అమ్మా? బావమరిది వలలు సర్దుకుంటున్నాడు. ఒకటో తారీఖున దించుతాడట. పిల్ల ఇక్కడే ఉంది. త్వరగా జవాబు రాయండి.