రెండోసారి పాలిషు

ధాత్రీ,

ఈ వారం రావద్దని హైటెక్ సిటీ ఆఫీసు క్యాబు వాడికి చెప్పేశాను, లేచి కంగారుపడకు. పొయ్యి మీద దంపుడు బియ్యం అన్నం, తోటకూర పప్పు ఉన్నాయి. బిస్కెట్ల డబ్బా కొట్టుకి పట్టుకెళ్తున్నాను. మాత్ర మానకు, తిండి మారిస్తే మందు అక్కర్లేదని డాక్టరుగారు అనలేదు.

నిన్న సోమాజిగూడలో ఆ డాక్టరమ్మ చెబుతున్నంతసేపూ నువ్వు గోడనే చూస్తున్నావు. పేగుల్లో మనకి మేలుచేసే సూక్ష్మజీవులు ఉంటాయట, వాటి తిండి పీచు. అవి పస్తుంటే ఈ వయసులో షుగరుకీ, మనసు కుంగడానికీ అదీ ఒక కారణం కావచ్చట. "ఇంట్లో ఏ బియ్యం వండుతారండీ?" అని అడిగింది. ముప్పై ఏళ్లుగా అమీర్‌పేటలో బియ్యం అమ్ముతున్నాను. నా కూతురు మల్లెపూవులాంటి అన్నం తినాలని నీ బియ్యానికి రెండోసారి పాలిషు పట్టించాను. పీచంతా ఉన్న తవుడు యూసుఫ్‌గూడ గేదెల పాకకి పంపాను. ఆ గేదెలు నిగనిగలాడుతున్నాయి.

నాన్న

మొన్న "నేను లేకపోతే మీకే నయం" అన్నావు కదా, అందుకే బాల్కనీ తలుపుకి తాళం వేశాను. హాల్లో పక్కింటి రుఖియా ఆంటీ ఉంది, నేనే కూర్చోమన్నాను. మూడింటికి ఫోన్ చేస్తాను. ఎత్తితే చాలు, మాట్లాడక్కర్లేదు.