త్రిపుర రిసెప్షన్‌లో ఎవరెవరు నవ్వారు

ఫిల్మ్ నగర్, హైదరాబాదు,
మే 21, 1998.

చి.సౌ. రాజ్యలక్ష్మిని అమ్మ దీవించి వ్రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా, నా చెవులు తప్ప. అవి రిసెప్షన్ నాటి నుంచి ఇంకా కోలుకోలేదు. అల్లుడుగారు లేచి తిరుగుతున్నారనీ, పథ్యం మీద విసుక్కుంటున్నారనీ రాశావు. విసుగు వచ్చిందంటే ఒంట్లో సత్తువ వచ్చినట్టే. ఆపరేషన్ అయిన మనిషిని భిలాయిలో వదిలి మేనకోడలి పెళ్ళికి రాలేకపోయానని ఇంకా ఏడుస్తున్నావట. ఏడవకు. వచ్చి ఉంటే ఇంకో రకంగా ఏడ్చేదానివి.

ఫోన్లో "పెళ్ళి దివ్యంగా జరిగింది" అన్నాను. మీ అన్నయ్య పక్కన నిలబడి వాచీ చూసుకుంటూ ఉంటే ఎస్.టి.డి.లో అంతకన్నా నిజం చెప్పడానికి వీలుపడదు. పెళ్ళి దివ్యంగానే జరిగింది. నేను చెప్పనిది రిసెప్షన్ సంగతి.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నువ్వు పంపిన కోసా పట్టుచీర మన పెళ్ళికూతురు త్రిపుర వ్రతం నాడు కట్టుకుంది, బాగా నప్పింది. నీ బదులు ఆడపడుచు లాంఛనాలు మీ పెద్దత్తయ్య కూతురు అందుకుంది, నువ్వయితే అంత గట్టిగా అడిగేదానివి కావు. పెళ్ళికొడుకు నర్సింహ నలుపా అని అడిగావు. నలుపే. కరెంటు ఆఫీసులో ఇంజనీరు, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే వింటాడు. మనింట్లో అలాంటి మగవాణ్ణి నేను చూడలేదు గనుక రంగు సంగతి మరిచిపోయాను.

ఇక "వదిన ఉత్తరంలో డీజే అని రాసింది, అదేం వంటకం" అని అడిగావు. వంటకం కాదు తల్లీ, మనిషి. ఒక చెవికి డిప్ప తగిలించుకుని, రెండో చెవి మనకు వదిలి, ఒక పాట పూర్తి కాకుండానే దాని మీదికి ఇంకో పాటను తోసేవాడు. సన్నాయి మేళం వాళ్ళకు రాగం చివరిదాకా వాయించినందుకు ఇచ్చేవాళ్ళం. వీళ్ళకు మధ్యలో కోసినందుకు ఇస్తాం.

ఎందుకు పెట్టామంటావా, ఈ ఊరి సంగతి నీకు తెలుసు కదా. త్రిపుర స్నేహితురాళ్ళలో ఒకతె సికింద్రాబాదు క్రిస్టియన్ పిల్ల, ఒకతె పాతబస్తీ నుంచి, ఒకతె సర్దార్జీ గారి అమ్మాయి. మీ అన్నయ్య సినిమా వ్యాపారం తరఫున మార్వాడీ ఫైనాన్షియర్లు, మద్రాసు నుంచి వచ్చిన అరవ కెమెరామన్లు, కృష్ణా గోదావరి జిల్లాల చుట్టాలు, వీళ్ళందరినీ మించి సినిమావాళ్ళు. వియ్యాలవారేమో తాతల నాటి నుంచి మోతీనగర్ వాళ్ళు. ఇంతమందిని ఒక్క మేళంతో సంతోషపెట్టలేమని మీ అన్నయ్య తేల్చాడు.

నిశ్చితార్థం నాడే నాకు భయం పట్టుకుంది. పెళ్ళికొడుకు నానమ్మ దేవమ్మగారు మన పిల్ల గడ్డం పట్టుకుని "పిల్ల మంచిగున్నది, గీ పిల్లనే మా ఇంటికి తోల్కపోతం" అన్నారు. తోల్కపోవడమంటే వాళ్ళకు వెంట తీసుకెళ్ళడం, మనకు గొడ్లను తోలడం. వెనకాల మన ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. ఒకతె ఆ మాటనే వంటింట్లో అనుకరించి చూపించింది కూడా. త్రిపుర లోపలికి వెళ్ళి ఏడ్చి, నా గదికి వచ్చింది.

"నానమ్మా, నీ నోటికి అందరూ భయపడతారు. పెళ్ళిలో మనవాళ్ళెవరూ వాళ్ళ మాటకి నవ్వకుండా చూడు. నువ్వు తప్ప ఎవరూ చూడలేరు. రేపట్నించి నేను తినేది ఆ ఇంట్లో కదా."

"ఎవరి పళ్ళు కనిపించినా రాలగొడతాను, నిశ్చింతగా పడుకో" అన్నాను.

వియ్యంకుడు వెంకటనర్సయ్యగారు కూడా అదే రోజు నవ్వుతూనే ఒక మాట అన్నారు. "మీ సిన్మాలల్ల మా తీర్గ మాట్లాడెటోడు దొంగనన్న అయితడు, నవ్వులాటకన్న ఉంటడు బావగారు. కోపం గాదు, జర చెప్తున్న."

"అదంతా కమర్షియల్ అండీ బావగారూ" అన్నాడు మీ అన్నయ్య, అదేదో కులదైవం పేరయినట్టు.

డీజేను కుదర్చడానికి మీ అన్నయ్య సిట్టింగ్ పెట్టాడు. సినిమావాళ్ళు సిట్టింగ్ లేకుండా కాఫీ కూడా తాగరు. మొదటివాడు పెద్ద హోటల్లో పనిచేసేవాడు, నాకన్నా పొడుగు జుట్టు. "తెలుగు పాటలున్నాయా నాయనా" అని అడిగాను. "ఉన్నాయి ఆంటీ, లాస్ట్‌లో ఒకటి రెండు వేస్తాను, క్రౌడ్ తాగేశాక" అన్నాడు. మా క్రౌడ్ తాగరు నాయనా అంటే మీ అన్నయ్యకు దగ్గు వచ్చింది.

రెండోవాడు చార్మినార్ వైపు కుర్రాడు, మర్యాదస్థుడు. మర్ఫా డప్పుల నుంచి మార్వాడీ పాట దాకా అన్నీ ఉన్నాయన్నాడు. నమూనాకు ఒక తెలుగు పాట పెట్టాడు. అది మీ అన్నయ్యను మూడేళ్ళ కిందట ముంచిన సినిమాలో పాట. ఆ పిల్లవాడికేం తెలుసు, బాగుందని పెట్టాడు. పల్లవి అయ్యేలోపు అతని పని అయిపోయింది.

మూడోవాడు సత్యనారాయణమూర్తి, తణుకు మనిషి. పగలు డబ్బింగ్ థియేటర్లో పని, సాయంత్రాలు డీజే. మాటకు రెండు 'అండీ'లు. "ఏ ప్రొడ్యూసర్ గారు గేటు దాటితే ఏ పాట ఆపాలో నాకు తెలుసండీ. ఫ్లాపు పాట ఒక్కటి వినబడదండీ. ఎవరొస్తే వాళ్ళ సినిమా డైలాగు కూడా మధ్యలో కలుపుతానండీ, థియేటర్లో టేపులన్నీ నా చేతిలోనే ఉంటాయండీ" అన్నాడు. మీ అన్నయ్య లేచి కౌగిలించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వెంకటనర్సయ్యగారు శుభలేఖల పని మీద వచ్చారు. "మాకేం పెద్ద కోరికల్లేవు బావగారు. మా అమ్మ మనుమని పెండ్లిల ఆడాలె అంటున్నది. జర మర్ఫా పెట్టియ్యుండ్రి, గంతే." మర్ఫా అంటే ఇక్కడ బరాత్ ముందు, అంటే పెళ్ళి ఊరేగింపు ముందు, వాయించే డప్పులు, గుండె అదిరిపోతుంది. "అలాగేనండీ, పెద్దావిడకి స్పెషల్‌గా చేస్తానండీ" అన్నాడు సత్యనారాయణమూర్తి. ఆ 'స్పెషల్' అన్న మాట దగ్గరే నేను నిలదీయాల్సింది.

రిసెప్షన్ జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద లాన్‌లో. మొదటి గంట ఆ మనిషి అన్నంత పనీ చేశాడు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరు వస్తుంటే వాళ్ళ డైలాగు మోగడం, జనం చప్పట్లు, వాళ్ళు సిగ్గుపడ్డట్టు నటించడం. సర్దార్జీ గారి అమ్మాయి భాంగ్రా చేసింది, అరవ కెమెరామన్ కూడా భుజాలు కదిపాడు. మీ అన్నయ్య ముఖం వెలిగిపోయింది.

తరవాత మర్ఫా మొదలయింది. దేవమ్మగారు చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి, మధ్యకి వచ్చారు. ఎనభై ఏళ్ళ మనిషి కుడిచెయ్యి పైకెత్తి మణికట్టు తిప్పుతుంటే నేను నిర్ఘాంతపోయి చూశాను. మనింట్లో ఆ వయసు ఆడది చెయ్యి పైకెత్తేది అటక మీది డబ్బా అందుకోవడానికే. మోతీనగర్ వాళ్ళు చుట్టూ చేరి ఈలలు వేశారు. స్టేజీ మీద త్రిపుర నవ్వుతోంది.

ఉన్నట్టుండి డప్పులు సన్నగిల్లి, స్పీకర్లలోంచి ఒక మగగొంతు వచ్చింది. "అన్నా, నేను దొంగనిగాదన్నా. గా బిందె నన్ను చూసి ఏడ్సిందన్నా. పాపమని ఎత్తుకున్న."

మీ అన్నయ్య కిందటేడు తీసిన సినిమాలో బిందెల దొంగ మాటలవి. వెంటనే మళ్ళీ డప్పు, మళ్ళీ "ఏడ్సిందన్నా", మళ్ళీ డప్పు. లాన్‌లో మనవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. ఆ దొంగ ఎప్పుడు వచ్చినా నవ్వడం అలవాటు వాళ్ళకి. ఎవరెవరు నవ్వారో పేరు పేరునా చెప్పగలను, ఫైనాన్షియర్ల దగ్గర్నుంచి మీ వదిన పిన్నిదాకా.

దేవమ్మగారి చెయ్యి గాలిలోనే ఆగింది. చుట్టూ చూశారు.

"ఎవడ్రా ఆ మైకుల? నేనాడుతుంటె దొంగ మాటలేంది?"

అంతే, నవ్వులు తెగిపోయాయి. వెంకటనర్సయ్యగారు చేతిలో పళ్ళెం కింద పెట్టారు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "లేవుండ్రి. బండ్లు తియ్యుండ్రి" అన్నారు, అంతే. వాళ్ళ బల్లలన్నీ ఒక్కసారి లేచాయి. త్రిపుర కుర్చీలోంచి లేచి నిలబడింది, ముఖంలో నెత్తుటిచుక్క లేదు. నర్సింహ స్టేజీ దిగి వెళ్ళి వాళ్ళ నానమ్మ వెనక నిలబడ్డాడు. ఆ రెండు నిమిషాల్లో పెళ్ళి అక్కడే ముగిసిపోయిందనుకున్నాను రాజ్యం.

నేను డీజే దగ్గరికి వెళ్ళి ఆపించాను. మనిషి చెవి డిప్ప తీసి చేత్తో పట్టుకున్నాడు.

"వాళ్ళ మాటే కదా, సంతోషిస్తారని పెట్టానండీ."

"దొంగ మాటలా పెట్టేది?"

"రెండు రోజులు వెతికానండీ అమ్మగారూ. వాళ్ళలా మాట్లాడే హీరోగాని, తండ్రిగాని, బడిపంతులుగాని ఒక్కడైనా దొరుకుతాడేమోనని. టేపులన్నిట్లో దొంగలూ, తాగుబోతులూ, రౌడీలేనండీ. వీడొక్కడే కాస్త మంచివాడండీ."

మీ అన్నయ్య నా వెనకాలే ఉన్నాడు, విన్నాడు. ఇరవై ఏళ్ళ నుంచి సినిమాలు తీస్తున్నవాడు తల వంచుకుని ఆ టేపులనే చూస్తూ నిలబడ్డాడు. నేను తెలుగు పాఠాలు చెప్పి పింఛను తింటున్నదాన్ని, నేనూ నా పాఠాల్లో అలాంటివాడి కోసం వెతుక్కున్నాను, తగల్లేదు. వాణ్ణి తిట్టడానికి నోరు తెరిచి మూసేశాను. అది నా జీవితంలో ఎన్నిసార్లు జరిగిందో నీకు తెలుసు.

ఆ పెళ్ళిని నిలబెట్టింది దేవమ్మగారు. "కూసో వెంకటనర్సా. బువ్వ కాడికెల్లి లేస్తరా ఎవరన్న? పిల్ల మొకం జూడు" అన్నారు. కొడుకు నిలబడే ఉన్నాడు. "నేను ఆడనీకి వచ్చిన, ఆడిపోత. బరాత్ల వచ్చిన మర్ఫావాళ్ళు యాడున్నరు, తింటున్నరా? తిన్నంక రమ్మను. గా మైకు డబ్బాలు బందువెట్టు."

వాళ్ళు చేతులు కడుక్కుని వచ్చారు. ఆవిడ నా వంక చూసి "వదినె, నువ్వు రా" అన్నారు. నాకు ఆట రాదన్నాను. "రాకుంటె నిలబడు. నేనాడ్త." పుచ్చుకున్న చెయ్యి వదల్లేదు. అంతమంది ముందు నేను కరెంటు స్తంభంలా నిలబడ్డాను, ఆవిడ నా చుట్టూ ఆడారు. కాసేపటికి మోతీనగర్ వాళ్ళు, పాతబస్తీ పిల్ల, సర్దార్జీ గారి అమ్మాయి, అందరూ కలిశారు. వెంకటనర్సయ్యగారు చిట్టచివరికి కూచున్నారు. పెరుగన్నం మాత్రం ముట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతదాకా రాసి రెండుసార్లు కలం పక్కన పెట్టాను.

ఆ బిందె ఏడ్చిందన్నప్పుడు నేనూ నవ్వాను.

నలుగురితో పాటు పెదవి కదిలిందని కాదు. కడుపులోంచి వచ్చింది. నేను ముందు వరసలో, దేవమ్మగారికి బారెడు దూరంలో ఉన్నాను. ఆవిడ చెయ్యి ఆగి తల తిప్పినప్పుడు మొదట చూసింది నన్నే. నేను గభాలున నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఎవరి పళ్ళు రాలగొడతానన్నానో ఆ పళ్ళ వరసలో మొదటివి నావే. పిల్ల నన్ను ఒక్కటంటే ఒక్కటి అడిగింది.

ఆట అయ్యాక పక్కకు తీసుకెళ్ళి ఆవిడతో అన్నాను, "నేను కూడా నవ్వానండీ, మీరు చూశారు" అని. ఆవిడ ఆయాసపడుతూ మంచినీళ్ళు తాగుతున్నారు.

"చూసిన. నవ్వు వస్తె నవ్వుతం, దానికేమున్నది. నన్ను జూసి మూతి మూస్కున్నవు సూడు, గది మంచిగనిపియ్యలె. నవ్వెటిదేదో నా దిక్కు జూసి నవ్వు, నేను గూడ తిడ్త, అయిపోతది."

నా ముఖాన ఇంత సూటిగా ఎవరూ మాట్లాడి ఎన్నేళ్ళయిందో. అంతలో త్రిపుర పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరిగెత్తుకొచ్చి నా మెడ కావలించుకుంది. "అందరూ నవ్వారు నానమ్మా, మా అమ్మ కూడా. నువ్వొక్కదానివే నవ్వలేదు. నాకు తెలుసు" అని వెక్కివెక్కి ఏడ్చింది. పక్కన నర్సింహ, వాళ్ళ నాన్న వింటున్నారు. నేను నోరు తెరిచాను.

"అవ్, నవ్వలె. నేను చూసిన గద" అన్నారు దేవమ్మగారు. కళ్ళార్పకుండా అన్నారు.

రాజ్యం, నేను ఆ మాటకు ఇంకా తేరుకోలేదు. అవమానపడింది ఆవిడ, అబద్ధమాడిందీ ఆవిడే, మన పిల్ల నా మీద పెట్టుకున్న నమ్మకం పోకుండా. ఆ ఒక్క మాటతో వెంకటనర్సయ్యగారు కూడా నాకు నమస్కారం పెట్టి వెళ్ళారు. ఇంటికొచ్చాక మీ అన్నయ్య, వదిన, అందరూ నేనే పరువు కాపాడానంటున్నారు. వింటూ కూచున్నాను. ఈ సంగతి ఆవిడకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు, ఇప్పుడు నీకు.

రేపు శుక్రవారం త్రిపురను చూడడానికి మోతీనగర్ వెళుతున్నాను. ఆటో మాట్లాడాను. పిల్లతో నిజం చెప్పాలి. చెబితే నా మీద కోపం వస్తుంది, రానీ, అది నాది. కాని నిజం చెప్పానంటే ఆ ఇంట్లో పెద్దావిడ అబద్ధమాడిందని కొత్త కోడలికి చెప్పినట్టు. అందుకని ముందు దేవమ్మగారి గదిలోకి వెళ్ళి ఆవిడను అనుమతి అడుగుతాను. వద్దంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు. అరవై తొమ్మిదేళ్ళలో ఒకరిని అనుమతి అడగడానికి నేను బయలుదేరడం ఇదే మొదలు.

అల్లుడుగారికి నా ఆశీస్సులు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నవ్వినదాన్ని నేనేనని మనవాళ్ళలో నీకే ముందుగా చెప్పుకున్న
మీ అమ్మ.