సూది ఆగిన చోటు

చిరంజీవి మా చిన్నోడికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా. మేమంతా అంటే ఎవరని అడగకు: నేనూ, నా పియానో, మీ నాన్న వదిలి వెళ్ళిన రికార్డుల బీరువా. నువ్వూ, నీ చేతి కర్ర ఎటు ఊగితే అటు ఊగే నీ అరవై మంది వాద్యగాళ్ళూ కూడా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. రెండు డిస్కులూ పగలకుండా చేరాయి. నువ్వు చుట్టిన కాగితాలు విప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మీ ఆర్కెస్ట్రావాళ్ళు నిన్ను మాన్పించేస్తే పార్సిళ్ళ ఆఫీసులో పెట్టుకుంటారు, దిగులు పడకు.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. వేళకు తింటున్నాను. బాత్రూములో కారుతున్న పంపు బాగుచేయించాను. ఫోను ఎన్నిసార్లు చేసినా ఎందుకు ఎత్తడం లేదని అడిగావు, ఆ సంగతి చివర్లో చెబుతాను. మోకాళ్ళు ఎలా ఉన్నాయన్నావు, అదీ చివర్లోనే. చూశావా, ఉత్తరం మొదలుపెట్టానో లేదో అప్పుడే ఎగవేతలు.

ఆదివారాలు తప్పడం లేదు. పొద్దున పదింటికి నువ్వక్కడ, నేనిక్కడ ఒకే సింఫనీని ఇద్దరు వేర్వేరు కండక్టర్ల చేతుల్లో వినడం, మధ్యాహ్నానికి ఒకరికొకరం ఉత్తరం రాసుకోవడం. మీ నాన్న పెట్టిన అలవాటు, ఆయన పోయినా మనం నిలబెట్టాం. ఆ సింఫనీలు రాసిన పెద్దాయన చివరి మూడింటినే ఏడుగురు కండక్టర్ల చేతుల మీదుగా ఆయన కొనుక్కొస్తే పక్కింటావిడ, "ఒక్కటే పాట ఏడుసార్లు కొన్నారా? చూసుకోలేదా?" అని జాలిపడింది. మీ నాన్న అట్ట దాచేసి రికార్డు పెట్టి "ఎవరో చెప్పు చూద్దాం" అనేవారు. నేను కళ్ళు మూసుకుని పది సెకన్లలో చెప్పేసేదాన్ని. ముసలాయన, కోపిష్టి, గడియారం అని ఆ కండక్టర్లకు పేర్లు పెట్టింది కూడా నేనే. నలభై ఏళ్ళు ఊళ్ళో పియానోలన్నీ శ్రుతి చేసినదాన్ని. నా చెవి మీద నాకున్న పొగరు నీకు తెలియంది కాదు.

ఈ ఏడాది నా ఉత్తరాలు మరీ బావుంటున్నాయని రాశావు. గడియారం గారి మూడో భాగం గురించి "చంక కింద పట్టేసింది, చెయ్యెత్తితే మొత్తం పైకి లేస్తుంది" అని నేను రాసిన మాటను నువ్వు రిహార్సల్లో చదివి వినిపించావట. అందరూ పగలబడి నవ్వి, ఆ తర్వాత అదే భాగాన్ని హాయిగా, వదులుగా వాయించారట. కోపిష్టి గారి చివరి భాగం "ఇస్త్రీ పెట్టె ఎత్తకుండా తోసినట్టుంది, బట్ట మాడిన వాసన వస్తోంది" అన్నది నీ పుస్తకంలో రాసుకున్నావట. "అమ్మా, ఇన్నేళ్ళూ నువ్వు చెప్పిన సంగీతం వేరు, ఇప్పుడు చెబుతున్నది వేరు. నీ చెవి ఇప్పుడే పూర్తిగా తెరుచుకుంది" అన్నావు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం బల్ల మీద పెట్టి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను.

దాని కిందే అసలు పని చెప్పావు. పెద్దాయన చివరి సింఫనీని మీరు రెండు సాయంత్రాలు వాయించారు, రెండూ రికార్డు చేశారు, వాటిలో ఒకటి మీ మొదటి రికార్డుగా బయటికి రావాలి. మీవాళ్ళు నిర్ణయం నీకు వదిలేశారు. నువ్వేమో నాకు వదిలేశావు. "పదిహేనో తేదీ లోపు చెప్పు. నీ చెవి ఏదంటే అదే. అట్ట మీద 'మా అమ్మ చెవులకు' అని వేయిస్తున్నాను" అన్నావు.

చివర్లో ఆ ఒక్క ప్రశ్న. "అమ్మా, ముసలాయన రికార్డులో రెండో వయొలిన్లు కుడివైపు నుంచి జవాబు చెప్పాయని మార్చిలో రాశావు. అది మోనో రికార్డు కదా? అన్ని వాయిద్యాలూ ఒకే చోటు నుంచి వస్తాయి. కుడి ఎక్కడిది?"

నిలదీయడానికి అడగలేదని తెలుసు. నీకు నిజంగానే అర్థం కాక అడిగావు. నా మాట మీద నీకు అంత నమ్మకం కాబట్టే నాకు సిగ్గేసింది.

నాకు వినపడటం లేదురా నాన్నా.

పద్నాలుగు నెలలైంది. మొదట కుడి చెవి, తర్వాత ఎడమది. బడిలో పియానో శ్రుతి చేసి లేచాను. అక్కడి సంగీతం టీచరమ్మ, నీకంటే చిన్నది, రెండు స్వరాలు నొక్కి చూసి, "ఏమనుకోకండి, పైవన్నీ కొంచెం తేడాగా ఉన్నాయండీ" అంది. నేను ఇంతెత్తున లేచాను. "నువ్వు పుట్టకముందు నుంచి ఈ పియానో నా చేతిలో ఉంది" అన్నాను. ఆ పిల్ల శ్రుతి చూసే మీటరు తెచ్చి ముందు పెట్టింది. ముల్లు ఎక్కడుండాలో అక్కడ లేదు. సంచి సర్దుకుని వచ్చేశాను, మర్నాడు వేరే మనిషిని పంపాను. నీకు మాత్రం మోకాళ్ళ నొప్పులని, మెట్లెక్కలేక పని మానేశానని రాశాను. నా మోకాళ్ళు గుండ్రాళ్ళలా ఉన్నాయి.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను, కంగారు పడకు. చేయగలిగింది లేదన్నాడు. చెవి మిషను పెట్టుకుంటే ఎదురుగా కూర్చున్న మనిషి మాట అందుతుంది. ఫోనులో అందదు. సంగీతమైతే రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టే. వాటిని చివరి సింఫనీలని మనం అంటాం గానీ, రాసేటప్పుడు పెద్దాయనకు ఆ సంగతి తెలిసుండదని మీ నాన్న అనేవారు, గుర్తుందా? నాకూ అంతే అయింది. చివరిసారి సరిగ్గా విన్నది ఏదో ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. తెలిసుంటే ఇంకాస్త శ్రద్ధగా వినేదాన్ని.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే ఆదివారాలు ఆగిపోతాయని. నువ్వు పది రోజులు ఏడుస్తావు, తర్వాత నా ఆరోగ్యం, మందులు, భోజనం గురించి రాస్తావు. ముసలమ్మకు రాసే ఉత్తరాలు రాస్తావు. అవి నాకొద్దు.

ఇక దొంగతనం సంగతి. కింద దర్జీ కొట్టు టేపు మామయ్య గుర్తున్నాడుగా? మెడలో టేపు తియ్యడని నువ్వు పెట్టిన పేరే. నీ స్కూలు లాగులన్నీ పొడుగు చేసిన మనిషి. కిందటేడు ఒక ఆదివారం నేను అలవాటు కొద్దీ రికార్డు పెట్టుకుని, మిషనూ పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఎవరో భుజం తట్టారు. కళ్ళు తెరిస్తే ఆయన.

"అక్కయ్యా, తలుపు బాదీ బాదీ లోపలికొచ్చేశాను. ఆ రికార్డు ఒక్కచోటే తిరుగుతోంది."

"ఏమిటీ?"

"ముల్లు ఇరుక్కుంది. అరగంట నుంచీ అదే ముక్క. కింద ప్యాంటు కత్తిరిస్తుంటే పిచ్చెక్కిపోతోంది."

"నిద్రపట్టేసినట్టుంది" అన్నాను.

"నిద్రలో ఎవరూ తలూపరు అక్కయ్యా" అన్నాడు. తనే వెళ్ళి ముల్లు ఎత్తి పెట్టాడు. వచ్చి నా ఎదురుగా కూర్చుని, నా చెవి మిషను వంక చూసి, "చిన్నబాబుకి తెలుసా?" అని అడిగాడు.

"తెలియదు. నువ్వు చెప్పావంటే నీ కొట్టు గడప తొక్కను."

"తొక్కకపోతే మీ కోటుకి బొత్తాలెవరు కుడతారు?" అన్నాడు. తర్వాత, "ఇంతకీ ఆ రికార్డులో ఏం వినపడాలి మీకు?" అన్నాడు.

అట్లా మొదలైంది. ఆదివారం కొట్టు సెలవు కాబట్టి చేత్తో కుట్టాల్సిన కాజాల పని పట్టుకుని పైకొస్తాడు. నేను రికార్డు పెడతాను. ఆయన కాజాలు కుడుతూ వింటాడు. "నాకు సంగీతం తెలియదండీ, బట్ట గురించి తప్ప ఏమీ చెప్పలేను" అన్నాడు మొదటి రోజు. అయితే బట్ట గురించే చెప్పమన్నాను. చంక కింద పట్టేయడం ఆయనదే. ఇస్త్రీ పెట్టె ఆయనదే. నువ్వు పుస్తకంలో రాసుకున్నవన్నీ ఆయన మాటలే, నేను కింద సంతకం పెట్టాను. నా చెవి తెరుచుకుందని నువ్వు మెచ్చుకున్న ఏడాదంతా అది మూసుకునే ఉంది.

మార్చిలో రెండు వారాలు ఆయన కూతురి దగ్గరికి వెళ్ళాడు. ఆ రెండు ఉత్తరాలే నా సొంతం, సరిగ్గా వాటిలోనే దొరికిపోయాను. కుడివైపు వయొలిన్లు అబద్ధం మాత్రం కాదు. పెళ్ళైన కొత్తలో ముసలాయన మా ఊరొచ్చి వాయింపించాడు. రెండో వయొలిన్లను కుడివైపు కూర్చోబెట్టాడు. మీ నాన్న నా మోచేతిని పట్టుకుని "విన్నావా, జవాబు చెబుతున్నాయి" అన్నారు. ఆ రోజు విన్నదాన్ని రికార్డులో విన్నట్టు రాశాను. పాత జ్ఞాపకాన్ని తాజా కబురని నీకు అంటగట్టాను, క్షమించు.

నువ్వు నీ మొదటి రికార్డును నా చెవికి అప్పజెప్పాక ఇంక దాచలేకపోయాను. నా ఉత్తరాలు చదివి నువ్వు సంతోషపడితే పడ్డావు, కానీ లేని చెవిని నమ్ముకుని అరవై మంది కష్టాన్ని తూచకూడదు కదా.

అయినా నిన్న ఆదివారం ఏం జరిగిందో రాయకుండా ఉండలేను. రెండు డిస్కులూ వినిపించాను. ఏది ఏ సాయంత్రమో ఆయనకు చెప్పలేదు, మీ నాన్న ఆటే ఆడాను. మొదటి సాయంత్రందానికి ఆయన, "కుట్టు శుభ్రంగా ఉందండీ. ఎక్కడా పోగు బయటికి రాలేదు. ఎవరి కొలతలకు కుట్టారో మాత్రం తెలియలేదు" అన్నాడు. మొదలు నుంచి చివరిదాకా తొమ్మిది కాజాలు కుట్టాడు. ఆయన వింటున్నంతసేపూ నేను ఆయన వేళ్ళే చూస్తుంటాను, వేరే పని లేక. సూది ఆగకుండా నడిచింది.

రెండో సాయంత్రందానికి మొదట్లోనే మొహం చిట్లించాడు. ఒకచోట బూర తడబడిందట. నీకు తెలిసే ఉంటుంది. తర్వాత నెమ్మది భాగం వచ్చింది. అది ఎప్పుడు మొదలవుతుందో నాకు గడియారం చూస్తే తెలుసు. ఆయన దారం లాగి, సూది పైకెత్తి, అలాగే ఉండిపోయాడు. చెయ్యి గాల్లోనే ఉంది. ఒడిలో చొక్కా జారి కింద పడినా తీయలేదు. ఆ భాగం ఎంతసేపుంటుందో అంతసేపూ ఆ సూది కదల్లేదురా. నేను ఆయన చేతినే చూస్తూ కూర్చున్నాను. సూది పట్టిన వేళ్ళు బిగుసుకుంటూ, వదులవుతూ ఉంటే, ఎక్కడ గట్టిపడిందో, ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ నువ్వు వాళ్ళను ఒక్క క్షణం ఆపి మళ్ళీ వదిలావో నాకు తెలిసింది. పద్నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఏడ్చాను. ఆ భాగం అయిపోయాక ఆయన చొక్కా తీసి దులుపుకుంటూ, "ఇంతసేపూ ఒక్క కాజా కూడా అవలేదేంటి?" అని తనే ఆశ్చర్యపోయాడు.

కాబట్టి నేను ఏదని చెప్పను. నీకు చెవులున్నాయి, అవి నేను పెంచినవే, నువ్వే తేల్చుకో. అట్ట మీద ఆ మాట వేయించు, కాదనను. కానీ ఆ చెవులు పై అంతస్తులో లేవు, కింద దర్జీ కొట్టులో ఉన్నాయని గుర్తుపెట్టుకో. అన్నట్టు, డిస్కులతో పాటు నువ్వు పంపిన ఫొటో చూసి ఆయన నొచ్చుకున్నాడు. నీ కోటు చంక కింద పట్టేస్తోందట. కొలతలు పంపమన్నాడు.

వచ్చే వారం బడికి వెళ్ళి ఆ టీచరమ్మకు క్షమాపణ చెబుతాను. నీకు చెప్పుకున్నాక ఆమెకు చెప్పడం తేలికే.

ఒక్క కోరిక. శీతాకాలంలో మళ్ళీ ఆ సింఫనీ వాయిస్తారన్నావుగా, నేను వస్తాను. నువ్వెప్పుడూ నాకు ముందు వరసలో కుర్చీ వేయిస్తావు. నేను చెవి గొప్ప మనిషినని కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. తెరిచినా నీ వీపే కనపడేది. ఈసారి అక్కడ వద్దు. వేదిక మీదే, వాద్యగాళ్ళందరి వెనక, డోళ్ళ పక్కన ఒక కుర్చీ వేయించు. పద్దెనిమిదేళ్ళుగా నువ్వు ఈ పని చేస్తున్నావు, చేస్తున్నప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నేను ఒక్కసారీ చూడలేదు.

ఇట్లు,
ఈసారి కళ్ళు తెరుచుకుని కూర్చునే
మీ అమ్మ