ప్రమీలక్క పెట్టిన గంజి

అక్కకు,

నీ చెల్లెలు రమణి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఈ చలి ఊళ్ళో నేనూ మీ మరిదీ ఆరోగ్యంగా ఉన్నాం. ఆరోగ్యంగానే కాదు, ఇప్పుడు పొడిగా కూడా ఉన్నాం. ఆ పొడి సంగతి రాయడానికే కూర్చున్నాను. అక్కడ నువ్వూ, బావా, పిల్లలూ, మీ అత్తగారూ అందరూ కులాసాయే కదా? రొయ్యల గుంటకి మళ్ళీ వైట్‌స్పాట్ తెగులు వచ్చిందన్నావు. బావ అన్నం మానేసి గట్టు మీదే కూర్చుంటున్నాడా? గుంట మళ్ళీ నింపుకోవచ్చు, ఒళ్ళు పాడు చేసుకోవద్దని నా మాటగా చెప్పు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. నువ్వు ఫోను స్పీకర్‌లో పెట్టి చేపలు కడుగుతావు. నేనిక్కడ ఒక మాట అంటే అది తోటపల్లి గూడూరులో మీ వాకిలి దాటి, సాయంత్రానికల్లా నెల్లూరులో ప్రమీలక్క పుట్టింటికి చేరుతుంది. ఈ మాట చేరకూడదు. చదివి చించెయ్యి.

మా తోడికోడలు ప్రమీలక్క ఇంట్లో మేడ మీద చిన్నగదిలో ఇన్నాళ్ళూ ఎలా ఉన్నామో నీకు పూర్తిగా చెప్పలేదు. చెబితే నువ్వు దిగులు పెట్టుకుంటావని. ఇంగ్లండు వచ్చేటప్పుడే అనుకున్నాం కదా, వృద్ధాశ్రమంలో నా ఉద్యోగం ఖాయమయ్యేదాకా మీ మరిది అన్న, మా బావగారి ఇంట్లో ఉండాలని. మీ మరిదికి గోడౌన్‌లో పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు. నా ఉద్యోగం ఖాయమైతేనే మాకు ఎవరైనా ఇల్లు అద్దెకిస్తారు. అందాకా ఆమె అన్నదానికల్లా తల ఊపాలి. ఊపాను. దిగులు పడకు, ఇప్పుడంతా అయిపోయింది.

ఇక్కడ ఎండకి వెలుతురే గానీ వేడి లేదు. వాన మాత్రం కావలసినంత. బట్టలు బయట ఆరవు. అందుకని ఇంట్లో బట్టలు ఆరబెట్టే మిషను ఉంటుంది. తడిబట్టలు వేసి తలుపు మూస్తే లోపల వేడిగాలిలో గిరగిరా తిప్పుతుంది. బట్టలు ఆరాయని దానికదే తెలుసుకుని ఆగుతుంది. ప్రమీలక్క మిషను మాత్రం మేం వచ్చిన కొత్తల్లోనే రోగం తెచ్చుకుంది. వేసిన కాసేపటికే ఆరిపోయాయన్నట్టు కూతపెట్టి ఆగేది. తలుపు తీస్తే బట్టలు నీళ్ళోడకపోయినా తడితడిగా చేతికి అంటుకునేవి.

ఒక ఆదివారం వాళ్ళింటికి మన తెలుగువాళ్ళు భోజనానికి వచ్చారు. నేను చేపల పులుసు వడ్డిస్తున్నాను. వచ్చినావిడ ఒకామె ఇంట్లో ఈ తడి వాసనేంటని అడిగింది. ప్రమీలక్క నవ్వుతూ చెప్పింది.

"మిషను ఆరబెట్టడం మానేసిందొదినా. మా రమణి వచ్చినాకే ఇట్టయింది. పల్లెటూరి చెయ్యి పడింది గదా. గుంటలకాడ పెరిగినోళ్ళకి తడేందో పొడేందో ఏం తెలస్తాది?"

అందరూ నవ్వారు. మీ మరిది కూడా కంచంలోకి చూస్తూ సగం నవ్వాడు, ఆ లెక్క ఆయనతో వేరే తేల్చుకున్నాను. నేను గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నెల్లూరు టౌనులో పుట్టినంత మాత్రాన ఆమె ఏ మహారాణో నాకు తెలియదు. ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. అందరి బట్టలూ అయ్యాకే నావి వెయ్యాలి. ఆగిపోతే నావి మళ్ళీ వెయ్యకూడదు. ఇంతసేపు తిరగమని మనమే పెట్టే మీట ఒకటి ఉంది, అది ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు, కరెంటు తాగేస్తుందట.

నా యూనిఫాం ఎప్పుడూ తడిగానే ఉండేది. ఇస్త్రీపెట్టె కింద సగం ఆరబెట్టుకుని తొడుక్కుపోయేదాన్ని. ఒంటి వేడికి మధ్యాహ్నానికి దాన్నుంచి నానబెట్టి మరిచిపోయిన గోనెసంచి వాసన వచ్చేది. ఒక పెద్దామెకి దుప్పటి కప్పుతుంటే ఆమె ముక్కు మూసుకుని మొహం గోడకి తిప్పుకుంది. ఆమెని తప్పు పట్టను. మా సూపర్‌వైజర్ లిస్సీ మలయాళీ మనిషి, మంచిదే. నన్ను పక్కకి పిలిచి, నా మీద వాసన గురించి ఫిర్యాదు వచ్చిందనీ, ఇంకొకటి వస్తే నా ఉద్యోగం ఖాయం చెయ్యమని తాను రాయలేననీ చెప్పింది. బాత్రూంలోకి పోయి ఏడ్చాను అక్కా. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

మిషను రోగం కనిపెట్టాలని ఆ రోజే పట్టుబట్టాను. బాగు చేద్దామని కాదు. నా చెయ్యి వల్ల కాదని తేల్చాలి, తేల్చి ఆ పల్లెటూరి మాటని ఆమె చేతే మింగించాలి. ఆమె ఆఫీసుకి పోగానే మొదలుపెట్టాను. నూగు పట్టే జాలీ తీసి కడిగాను, అది బాగానే ఉంది. బట్టల్లో నుంచి పిండిన నీళ్ళు చేరే డబ్బా పారబోశాను, అదీ బాగానే ఉంది. నేను ఎక్కువ బట్టలు కుక్కుతానని కూడా ఆమె అంటూ ఉండేది, అందుకని ఒక్క యూనిఫామే వేశాను. ఇంకా తొందరగా ఆగింది. అప్పుడు ముట్టుకోవద్దన్న మీట పెట్టాను. చెప్పినంతసేపూ వేడిగా తిరిగింది. యూనిఫాం అప్పడంలా వచ్చింది. అంటే వేడికి లోటు లేదు, గాలికి లోటు లేదు. ఆరిందో లేదో తెలుసుకునే తెలివి ఒక్కటే చెడింది.

ఆ తెలివి ఎక్కడుంటుందో ఫోనులో వీడియో పెట్టుకుని వెతికాను. తలుపు తియ్యగానే లోపల అంచున వేలెడంత పొడుగు ఇనప పట్టీలు రెండుంటాయి. తడిబట్ట వాటికి తగులుతున్నంతసేపూ మిషను తిరుగుతుంది, తడి తగలకపోతే ఆరాయనుకుంటుంది. మా పట్టీల మీద ఏదో తెల్లటి పొర కట్టింది. గోరుతో గీకితే పొట్టులా రాలింది. ఆ పొట్టుని వేళ్ళ మధ్య నీళ్ళు తగిలించి నలిపాను. బంకగా సాగింది. వాసన చూశాను. అక్కా, గంజి.

ప్రమీలక్క ప్రతి శనివారం అన్నం వార్చి, ఆ గంజిలో బావగారి తెల్లచొక్కాలు ముంచి పిండి, తీసుకుపోయి ఆ మిషనులో పడేస్తుంది. గంజి పెట్టిన బట్టని మన దగ్గర దండెం మీద ఎండలో వేస్తాం. ఇక్కడ దండెమూ లేదు, ఎండా లేదు. ఆ గంజంతా మిషను కడుపులో తిరిగి తిరిగి ఆ పట్టీలకి అంటుకుంది. ఈ దేశంలో చొక్కాలకి గంజి పెట్టి మిషనులో వేసే మనిషి ఎవరుంటారు, మా ప్రమీలక్క తప్ప? నేల మీద చతికిలబడి ఒక్కదాన్నే కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

ముందు అందరి ఎదుటా చెప్పి పరువు తీద్దామనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, చెబితే ఆమె ఒక్క రోజు సిగ్గుపడి మర్నాటి నుంచి పొడిబట్టలు కట్టుకుంటుంది. నేను తడిసిన రోజులకి అది సరిపోదు. నోరు మూసుకున్నాను. గుడ్డకి వెనిగర్ అద్ది పట్టీలు తుడిచి నా యూనిఫాం వేసుకున్నాను. కరకరలాడుతూ వచ్చింది. ఆ రోజు లిస్సీ నా పక్కన చాలాసేపు నిలబడి, భుజం తట్టి పోయింది.

కానీ మర్నాడు ప్రమీలక్క బట్టలు కూడా బాగా ఆరాయి. ఆమె వాటిని మడత పెడుతూ నాకు వినబడేలా అంది.

"చూసినావా, నువ్వు ముట్టుకోకుండా ఉంటే మిషను ఎంత బాగా పనిచేస్తాదో."

అప్పటిదాకా ఊరికే నోరు మూసుకుందామనుకున్న దాన్ని, ఆ మాటతో తెగించాను. ఖాళీ కొబ్బరినూనె సీసాలో ఆమె వార్చిన గంజే కాస్త పోసి దాచుకున్నాను. నా బట్టల ముందు వెనిగర్ తుడుపు, నా బట్టల తర్వాత గంజి పూత. పూసిన గంజి మిషను వేడికి చిటికెలో ఎండిపోయేది. ఆమె ఆఫీసు బట్టలు చెమ్మగా వచ్చేవి. మెడ గోక్కుంటూ బయల్దేరేది. వేసినవే మళ్ళీ వేసేది, మిషనుని తిట్టేది, మీట పెట్టి తిప్పుదామంటే తాను చేసిన చట్టం తనకే అడ్డం. నేను పక్కన నిలబడి అయ్యో అక్కా అనేదాన్ని. నాకు ఎంత హాయిగా ఉండేదో నీకు రాయలేను.

ఒక్క బావగారిని చూస్తేనే మనసు కలుక్కుమంది. ఆయన ఎవరి జోలికీ పోని మనిషి. చెమ్మచొక్కాలు తొడుక్కుని తుమ్ముతూ కాఫీ తాగుతుంటే చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో వంటింట్లో నుంచి ఆమె గొంతు వచ్చింది.

"ఈ జలుబంతా రమణి హాల్లో తడిబట్టలు ఆరేసినందుకే వచ్చింది."

నేను హాల్లో ఒక్క బట్ట ఆరేసింది లేదు. తెరిచిన నోరు మూసేశాను.

నా ఉద్యోగం ఖాయమైంది. కాగితం చేతికి రాగానే లిస్సీ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాను, ఆమె బిత్తరపోయింది. రెండు వీధుల అవతల చిన్న ఇల్లు దొరికింది. మేం కదిలే రోజుకి ప్రమీలక్క కొత్త మిషను తెప్పించుకుంది. పాతదాన్ని, ఆ ఆదివారం నవ్విన తెలుగువాళ్ళ ముందరే, నాకు దానమిచ్చింది.

"ఆ పాడు మిషను మీరు తీసకపొండి. ఎట్టా ఆగిపొయ్యేదే గదా, మీకు అది చాల్లే."

రెండు చేతులా తీసుకున్నాను. కాళ్ళకి దణ్ణం కూడా పెట్టాను. నటన కాదక్కా, నిండు మనసుతోనే పెట్టాను. కొత్త ఇంట్లో ఒక్కసారి తుడిచాను, అంతే. బట్టలు వేడివేడిగా వస్తున్నాయి. మొదటి రోజు ఆ బట్టల్లో మొహం పెట్టుకుని కూర్చుంటే మీ మరిది నాకు మతిపోయిందనుకున్నాడు.

మొన్న ప్రమీలక్క ఫోన్ చేసింది. ముందు వాన గురించి, తర్వాత కూర గురించి మాట్లాడి, ఆఖరికి గొంతు తగ్గించి అడిగింది.

"రమణీ, మీ మిషను ఎట్టుండాది?"

"బాగుందక్కా."

"మా కొత్తది గూడా అట్టనే ముందే ఆగిపోతా ఉండాది. ఏం చేసినావో ఏమో గానీ, నువ్వొకసారి వచ్చి చూసిపోగూడదా?"

"ఎందుకులే అక్కా. మళ్ళీ పల్లెటూరి చెయ్యి పడతాది."

ఆమె ఫోను పెట్టేసింది. ఆ పూట కడుపు నిండా అన్నం తిన్నాను.

నా గురించి నువ్వేమీ బెంగపడకు. చలి అలవాటైంది. తిండి మాత్రం రుచించడం లేదు. చేప దొరుకుతుంది, పులుసు పెడతాను, నీ చేతి పులుసు కాదు. సాయంత్రం మీ మరిది రాకముందు ఇల్లు చాలా పెద్దదిగా అనిపిస్తుంది. ఆ ఒక్కటే బాధ. మీ అత్తగారికీ బావకీ నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. మా కొత్త కాపురం చల్లగా ఉండాలని మీ పెద్దవాళ్ళందరూ దీవించండి.

ఒక్క పని చేసిపెట్టక్కా. అక్కడి నుంచి ఇటు ఎవరైనా వస్తుంటే, ఈసారి పండిన మన కొత్తబియ్యం ఒక సంచి కట్టి పంపు. నాకు కాదు, ప్రమీలక్కకి. చెల్లెలిని ఇన్నాళ్ళు ఇంట్లో పెట్టుకున్నందుకని నీ పేరే చెప్పమను. కొత్తబియ్యం గంజి బాగా చిక్కగా వస్తుంది.

మీ అందరి దీవెనలు కోరుతూ,
కసి తీరిన నీ చెల్లెలు
రమణి